సగం గుచ్చిన రబ్బరు చేప

బడి గదిలో మోకాలి లోతు నీళ్లు, బెంచీల మధ్య తామరాకులు మెల్లగా కదులుతున్నాయి, నల్లబల్ల ఉండాల్సిన చోట చెరువు అవతలి గట్టు కనిపిస్తోంది, చివరి బెంచీలో మా ఆయన లింగమూర్తి కూర్చుని ఉన్నారు. ఆయన చనిపోయిన సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, అయినా ఆ మాట ఎత్తాలని ఇద్దరికీ తోచడం లేదు.

నా చేతిలో ఆయన వదిలివెళ్లిన రబ్బరు చేప ఉంది. చిటికెన వేలంత, ఆకుపచ్చది, కొర్రమట్ట చేపలకు వేసే ఎర. గాలం దాని ముక్కులో గుచ్చి గడ్డం కింద నుంచి బయటికి తీసి ఉంది, అంతే. ఆ పొద్దున ఇంట్లో తన బల్ల దగ్గర దాన్ని గుచ్చుతూ ఛాతీ పట్టుకుని లేచిన మనిషి మళ్లీ అక్కడికి రాలేదు.

"సగంలనే వదిలి పోయినరు. పూర్తి చెయ్యాల్నా, ఇట్లనే ఉంచాల్నా?"

"అడుగుతున్నవా, పరీక్ష పెడుతున్నవా టీచరమ్మా?"

"అడుగుతున్న."

"అయితే గాలాన్ని తిప్పు. కడుపుల నుంచి వీపు దాకా పొడిచి, మొనను తోలు కింద దాయి. వంకర రావద్దు. వంకరుంటే నీళ్లల్ల గిరగిర తిరుగుతది, కొర్రమట్ట నవ్విపోతది."

నేను పొడుస్తుంటే బెంచీ పడవలా కదులుతుంది, గోడలు ఎటో వెళ్లిపోతాయి, చేప మాత్రం వంగే ఉంటుంది.

"సాపుగ వస్తలేదు."

"ఇన్ని రోజులు వంచి పెడితివి, రబ్బరు అదే నేర్చుకున్నది. వేడినీళ్లల్ల ముంచి, సాపుగ పెట్టి చల్లారనియ్యి."

"మొన దాస్తే మరి చేప ఎట్ల చిక్కుతది?"

"అది కొరికితే రబ్బరు అణిగి మొన బయటపడతది. నాచుకు తట్టుకోవద్దు, నోటికే తట్టుకోవాలె. దాగిందో లేదో నీ కొంగు మీద గీసి చూడు."

గీస్తాను. ఎక్కడా తట్టుకోదు, నీటి మీద ఆకులా జారిపోతుంది, ఆ జారడం చూస్తుంటే అసలు అడగాల్సింది గుర్తొస్తుంది.

"నేను పూర్తి చేస్తే, ఇగ ఇది మీరు వదిలినట్టు ఉండది గదా?"

ఆయన నీళ్లలో చేతులు కడుక్కుంటారు. "అద్దాల బీరువాల పెట్టెటందుకా నేను కొన్నది?"

ఇంకేదో అంటున్నారు, గట్టు దగ్గరికొచ్చి మళ్లీ నల్లబల్ల అవుతోంది, వినడానికి ముందుకు వంగుతాను.

కళ్లు తెరిస్తే ఆదివారం మధ్యాహ్నం. ఆయన బల్ల మీద తల ఆనించి నిద్రపోయాను. లేవబోతే కొంగు ఆగుతుంది. రబ్బరు చేప గడ్డం కింద పొడుచుకొచ్చిన గాలం మొన నూలు చీరలో దిగి ఉంది.

పోగు తెగకుండా నెమ్మదిగా విడిపిస్తాను. వంటింట్లోకి వెళ్లి స్టవ్ మీద నీళ్లు పెడతాను.