గోడ మీద తాత మాట

గోడకు ముందు సున్నం, ఆ తర్వాత నీలం, ఆపైన అక్షరాలు. ముప్పై ఏళ్లుగా నా బతుకు ఇదే. సత్యవేడు చుట్టుపక్కల ఏ రోడ్డు మీద పోయినా నా రాత కనిపిస్తుంది. బోరు బండ్లు, పశువుల దాణా, వరికోత మిషన్లు, విరిగిన ఎముకలకు కట్లు, ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం. ఫ్లెక్సీలు వచ్చి పెళ్లిళ్లనీ పుట్టినరోజులనీ నాయకులనీ ఎత్తుకుపోయాయి గానీ, మందులవాళ్లు మాత్రం గోడను వదల్లేదు. ఫ్లెక్సీ గాలికి చిరిగిపోతుంది, రోగం చిరగదు కదా.

నా పేరు గుణశేఖర్. గోడ కింద మూలలో ‘గుణ ఆర్ట్స్’ అని ఉంటే అది నేనే. ఈ పనిలో నాకో పాడు గుణం ఉంది. రాయమన్నది రాసి ఊరుకోను. దాణా ఆయన ‘పాలు పెరుగుతాయి’ అని రాయమంటే ‘చెంబు చాలదు, బిందె తెచ్చుకోండి’ అని రాశాను. ఆయన మురిసిపోయాడు. ఏ ముక్క రాస్తే జనం బండి ఆపి చదువుతారో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా గర్వం. అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివాననుకునేవాణ్ణి. చదివింది ఏడో తరగతి.

మునివెంకటప్ప తాతది పాలకండ్రిగ. పచ్చకామెర్లకు పసరు ఇస్తాడు. నేల ఉసిరి, ఇంకేవో రెండు రకాల ఆకులు నూరి, మేకపాలలో కలిపి మూడు రోజులు పరగడుపున తాగిస్తాడు. ఉప్పు, నూనె, చింతపండు లేని పత్యం. డబ్బు ముట్టుకోడు. ముట్టుకుంటే మందు చచ్చిపోతుందని వాళ్ల నాయన చెప్పాడట. పదేళ్ల కిందట నాకు కామెర్లు వస్తే ఆయన పసరుతోనే లేచాను. లేచి, ఆయన ఇంటికి పోయి, నీకు ఏమివ్వాలి తాతా అని అడిగాను.

"ఏమీ వద్దప్పా. జనాలు నా ఇల్లు తెలీక ఊరంతా తిరగతాండారు. యాడుండాదో గోడల మీద రాయి, అది సాలు," అన్నాడు. వెంటనే ఇంకో మాట చేర్చాడు. "ఇదొకటి మాత్రం మరవద్దు. మూడు దినాల్లో పచ్చ దిగకపోతే పెద్దాసుపత్రికి పోవాల అని రాయి. మా నాయన ప్రెతి మనిషికీ సెప్పేవోడు. నేనూ సెప్తాండాను. అది కూడా మందులో ఒక ఆకే అనుకో."

పద్నాలుగు గోడలు రాశాను, రంగు ఖర్చు నాదే. తాత పేరు నిలువెత్తు అక్షరాలతో రాశాను. ఊరు, దారి, పరగడుపు, పత్యం అన్నీ రాశాను. చివరి వరుస దగ్గరకొచ్చేసరికి బ్రష్ ఆగింది. మా మందు పనిచేయకపోతే పక్క కొట్టుకు పొండి అని ఏ వ్యాపారి అయినా గోడ మీద రాయించుకుంటాడా? ఈయన మందు మీద ఈయనకే నమ్మకం లేదనుకోరూ? పెద్దాయనకు అక్షరమ్ముక్క రాదు, లోకం పోకడ తెలియదు, మనమే కాస్త మేలు చేద్దాం అనుకున్నాను. ఆ వరుసలో ఎర్ర రంగుతో ‘ఈ మందు వాడేటప్పుడు ఇంగ్లీషు మందులు వాడరాదు’ అని రాశాను. ఎన్నో మందుల గోడల మీద రాసిన మాటే. రెండడుగులు వెనక్కి జరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. ఎంత దర్జాగా ఉందో!

తాతను పిలుచుకొచ్చి చూపించాను. ఆరిన అక్షరాలను వేళ్లతో తడిమి, "నేను సెప్పిందంతా ఉండాదా?" అన్నాడు.

"అంతా ఉండాది తాతా," అన్నాను.

జనం పెరిగారు. నాగలాపురం నుంచి వచ్చారు, ఊత్తుకోట నుంచి తమిళం వాళ్లు వచ్చారు. పొద్దున్నే తాత వాకిట్లో ముప్పై నలభై మంది. అంతమందికి విడివిడిగా చెప్పలేక తాత ఆ మూడు రోజుల మాట చెప్పడం మానేశాడు. గోడ మీద ఉంది కదా, గొంతు చించుకోవడం ఎందుకని ఆయన ధీమా.

మొన్న వానల్లో నా భార్య మోహనకు కామెర్లు వచ్చాయి. ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకున్నట్టే కదా, మేం పెద్దగా బెంబేలు పడలేదు. నేనే బండి మీద పాలకండ్రిగకు తీసుకెళ్లాను. మూడు రోజులు తాగింది. నాలుగో రోజుకు కళ్లు ఇంకా పసుపెక్కాయి. మజ్జిగన్నం కూడా కడుపులో నిలవలేదు. ఒళ్లంతా దురద. గోక్కోవడానికి కూడా ఓపిక లేక పడుకుంది.

"మేయ్, లెయ్. తిరపతికి పోదాం," అన్నాను.

"పసరు కడుపులో ఉండంగా ఇంగ్లీషు మందా? ఇసమైపోతాది," అంది. పడుకున్న చోటి నుంచే, వీధి అవతల టైలరు కొట్టు గోడ వైపు చెయ్యి చూపించింది. "నువ్వు రాసిందే గదా, సూడు."

అది నా పద్నాలుగు గోడల్లో ఒకటి. ఎండకు నీలం వెలిసిపోయింది గానీ ఎరుపు అలాగే ఉంది.

"అది తాత సెప్పలేదు మోహనా. నేనే కల్పించి రాసినాను. ఆయన సెప్పింది ఆసుపత్రికి పొమ్మనే."

నా వైపు చూసి నవ్వింది. ఆ ముఖంలో ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. "నన్ను బస్సెక్కించేదానికి ఎన్ని కతలు సెప్తావయ్యా! దాణాకు బిందె అని రాసినావంటే నమ్ముతా. మనిషి పానంతో ఆటలాడతావా నువ్వు? తాతను వచ్చి సెప్పమను. ఆయన పొమ్మంటే ఇప్పుడే పోతా."

ఒక్క మాట. తాత నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు. బండి తీసుకుని పాలకండ్రిగకు పోయాను. దారి పొడుగునా ఎలా చెప్పాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. వాకిట్లో జనం కిటకిటలాడుతున్నారు. తాత రోలు ముందు కూర్చుని ఆకు నూరుతున్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"ఇదో, ఈయప్పే నా గోడలు రాసింది! నాకు సదువు లేకపోయినా నా మాట పది ఊర్లకు పోయిందంటే ఈయప్ప సలవే," అని అందరికీ చూపించాడు. తలలన్నీ నా వైపు తిరిగాయి. బిడ్డను చంకనేసుకున్న ఒకామె లేచి నాకు దండం పెట్టింది. ఆ బిడ్డ కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి.

"కోడలికి ఎట్టుండాది?" అని అడిగాడు తాత.

"బాగుండాది తాతా," అన్నాను.

నేనే అన్నాను. నా నోటితోనే. ఇంతమంది ముందు వద్దులే, రేపు ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాంలే అనుకున్నాను. వెనక్కి వచ్చి మోహనతో, తాత ఊళ్లో లేడు, నగరికి చుట్టాలింటికి పోయాడట, రెండు రోజుల్లో వస్తాడట అన్నాను. "వచ్చినాక పిలుచుకోని రా," అని గోడ వైపు తిరిగి పడుకుంది. పిరికివాళ్లను చాలామందిని చూశాను గానీ నాలాంటి పిరికివాణ్ణి చూడలేదు.

మరుసటి రోజూ పోలేదు. ఆ పై రోజు పొద్దున మోహన నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన వాళ్లన్న పేరుతో పిలిచింది. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఇక గోడ గురించి వాదించే తెలివి ఆమెకు లేదు. అంబులెన్సు వచ్చేసరికి గంట పట్టింది. తిరుపతిలో డాక్టరమ్మ మోహన కనురెప్పలు ఎత్తి చూసి, లివరు పూర్తిగా దెబ్బతిందని చెప్పింది. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం, ఎందుకింత ఆలస్యం చేశారు అని అడిగింది. పసరు పత్యంలో ఉందని చెప్పాను. తెల్లవారేసరికి మోహన పోయింది.

తొమ్మిదో రోజు మునివెంకటప్ప తాత బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. గడప బయటే కూలబడి చాలాసేపు ఏడ్చాడు. ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది నాకు.

"వారం నుంచి రోలు ముట్టలేదప్పా," అన్నాడు. "నా సేతి మందు తాగి మనిషి పోయింది. మా నాయన కాలం నుంచి ఇట్ట ఎప్పుడూ జరగలా. జనం వచ్చి, కూసోని కూసోని పోతాండారు. నిన్ను ఒకటే అడగాలని వచ్చినా. ఆ మూడు దినాల మాట గోడ మీద ఉండాదా? ఉంటే నేను సెప్పాల్సింది సెప్పినట్టే, ఆ యమ్మి తలరాత అనుకుంటా. లేదంటే ఇంగ ఈ సేత్తో ఆకు తెంపను. సదివి సూపించప్పా."

చెయ్యి పట్టుకుని వీధి దాటించాను. టైలరు కొట్టు మూసి ఉంది. ఇద్దరం గోడ ముందు నిలబడ్డాం. ఆయన కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. నిజం చెప్పడానికే నోరు తెరిచానంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఎర్ర అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గర ఆగుతూ చదివాను.

"మూడు... మూడు దినాల్లో... పచ్చ దిగకపోతే... పెద్దాసుపత్రికి... పోవాల."

తాత ఊపిరి వదిలాడు. రెండు చేతులూ ఎత్తి గోడకు దండం పెట్టాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నువ్వు బంగారం అప్పా. అంత దుఃఖంలో కూడా నా గుండె బరువు దించినావు. రేపట్నించి మళ్లా ఇస్తా. ఆ జనం బాధ సూడలేకుండా ఉండాను," అన్నాడు.

పెద్ద కర్మ అయ్యాక పద్నాలుగు గోడలూ మార్చేస్తానని మనసులో అనుకున్నాను. అనుకోవడానికేం, డబ్బాలో రంగు ఖర్చు కాదు.

రెండడుగులు వేసి తాత మళ్లీ ఆగాడు. "ఇంకొక్కసారి సదువప్పా. సెవులారా ఇంటా."

మళ్లీ వేలు పెట్టి చదివాను. ఈసారి ఎక్కడా తడబడలేదు.