పెళ్ళిళ్ళ కెమెరా తీసిన బ్యాలే

నేను ఒక పెళ్ళిళ్ళ కెమెరాను. పెళ్ళిళ్ళదేగా అని తేలిగ్గా తీసిపారెయ్యకండి. పుట్టింది జపాన్‌లో, మెట్టింది గాజువాకలో. అక్కడ నా అద్దాన్ని తెల్ల తొడుగుల చేతులతో తుడిచేవారు. ఇక్కడ మా యజమాని సింహాచలం లుంగీ అంచుతో తుడిచేవాడు.

నన్ను భుజానికెత్తుకున్నాడంటే పురోహితుడు కూడా వాడి మాట వినాల్సిందే. తాళి కట్టే వేళ ఎవరి తలకాయో అడ్డొచ్చిందనుకోండి, "ఆగండి పంతులుగారూ! ఇంకోపాలి కట్టించండి!" అనేవాడు. పెళ్ళికొడుకు మళ్ళీ వంగేవాడు, పంతులుగారు మళ్ళీ మంత్రం అందుకునేవారు. మనుషులు తమకోసం ఒక పెళ్ళి, నాకోసం ఒక పెళ్ళి చేసుకుంటుంటే నేను గర్వపడక ఏం చేస్తాను?

అలాంటి మమ్మల్ని పద్మాసిని పిలిచింది. కూచిపూడి నేర్చి, దాన్ని దాటి కొత్తరకం బ్యాలేలు కట్టే మనిషి. తుపానులో భర్త పడవ తిరిగిరాని జాలరి ఇల్లాలి కథని గజ్జెలు, నగలు లేకుండా, ఉత్త నేతచీరలో ఆడబోతోంది. ఈ కొత్త పోకడ గిట్టకే ఆమె గురువు యజ్ఞేశ్వరశర్మగారు ఏళ్ళ తరబడి ఆమెతో మాట్లాడటం మానేశారు. ఇప్పుడాయన విజయనగరంలో మంచం పట్టారు. "చూడకుండా తిట్టడం తప్పే. వీడియో తీసి పట్టుకురా, చూసే తిడతాను" అని కబురంపారట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె తన ఆశంతా నామీద పెట్టుకుంది.

"సింహాచలంగారూ, చివర్న నేను పడిపోతాను. అది సరిగా రాకపోతే అంతా పోయినట్టే" అంది.

"నాకొగ్గీండమ్మా, నాను సూసుకుంతాను. ఎన్ని అప్పగింతలు తీసేను నాను!" అన్నాడు మావాడు.

విశాఖలో హాలు నిండిపోయింది. చీకట్లో ఒక్క దీపం వెలుగు ఆమె మీద. ట్యూబులైట్ల కింద విస్తళ్ళు, చీరలు చూసిన కన్ను నాది. ఒక మనిషి ఊరికే నిలబడి సముద్రాన్ని చూపించగలదని నాకేం తెలుసు! పడవ ఇక రాదని తెలిసిన క్షణాన ఆమె నిలువునా కూలింది. సరిగ్గా అప్పుడే మావాడు ఆమె మొహాన్ని జూమ్‌తో దగ్గరికి లాగబోయి ఫోకస్ పోగొట్టాడు. నాకు కనిపించింది తెల్లటి మసక.

"ఆగండమ్మా! ఇంకోపాలి పడండి!"

అలవాటైన నోరు! హాలంతా ఇటు తిరిగింది. వాయిద్యాలు ఆగిపోయాయి. "బయటికి గెంటండెహె వాణ్ణి!" అని ఎవరో అరిచారు. పుట్టి బుద్ధెరిగాక నేను అంత సిగ్గుపడింది లేదు.

పద్మాసిని ఇటు తల తిప్పలేదు. నేలమీదే ఒక్క ఊపిరి తీసుకుని, మోచేతుల మీద లేచి నిలబడింది. ఆశ ఇంకా చావనట్టు మళ్ళీ సముద్రం వైపు చూసింది. ఈసారి వాయిద్యం లేదు. ముందు మోకాళ్ళు ఒప్పుకున్నాయి, తర్వాత నడుము. కళ్ళు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. అమ్మో, అదేం పడటం! ఒక్క రవ్వ పోకుండా పట్టాను. ముందు వరసలో ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు.

మర్నాడు మావాడు దణ్ణం పెట్టి, "నా అరుపు, ఆ మసక కోసేత్తానమ్మా" అన్నాడు. "వద్దు. ఆయనకి జరిగింది జరిగినట్టే చూపిస్తాను" అందామె. ఆ క్యాసెట్టు నాలోనే ఆడుతుంది గనుక నన్నూ విజయనగరం తీసుకెళ్ళారు.

శర్మగారి మంచం పక్కన టీవీకి నన్ను తగిలించారు. కూర్చోమన్నా కూర్చోకుండా పద్మాసిని గోడకి ఆనుకుని నిలబడింది. మసక వచ్చింది, అరుపూ వచ్చింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మావాడు గుమ్మం అవతలికి జారుకున్నాడు. బొమ్మ అయిపోయాక ఆయన ఆమెను మంచం దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"మొదటిసారి పడింది కనపడలేదు. ఫరవాలేదు, అది నేను నేర్పిందే. రెండోది ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదు మాస్టారూ. ఈ కెమెరా ఆయన అరిచేసరికి అలా వచ్చేసింది."

"అయితే నాకు చెప్పు. మోకాలు ముందా, నడుము ముందా?"

ఆమె మంచం కోడు పట్టుకుని బావురుమంది. దుప్పటి కింద ఆయన ముసలి మోకాలు మెల్లిగా వంగింది, ఆగింది, మళ్ళీ వంగింది. అప్పుడు నేను ఆడిస్తున్నానే గాని తీయడం లేదు. అందుకే అది ఏ క్యాసెట్లోనూ లేదు. రేపు నన్ను పాత సామాన్ల బండికి తూకానికేసినా సరే, అది చూసిన కెమెరాను నేనొక్కదాన్నే.