నాలుగో అంతస్తు పడమటి గది

మా ఆఫీసుకు హరిత భవనమని బిరుదిచ్చి మూడేళ్లయింది. గుమ్మంలో ఇత్తడి పలక బిగించింది నేనే. ఇక్కడ మరమ్మతులు చూసేది నేను. చెప్పినంత బాగా భవనం పనిచేస్తోందా లేదా అని కొలవడానికి మనిషి వస్తోందనగానే మేనేజరు ఆ రోజు అందరికీ సెలవిచ్చేశాడు. మనుషులు లేకపోతే ఏ భవనమైనా బాగానే పనిచేస్తుంది. ఆ మేనేజరు కోటుకు ఎప్పుడూ ఆకు బిళ్ల తగిలించుకుంటాడు కనుక వాణ్ని మేము ఆకు సారంటాం.

నాలుగో అంతస్తు పడమటి గదికి గోడంతా అద్దమే. ఒక్క కిటికీ తెరుచుకోదు. నా భార్య అక్కడ టైపు చేసేది. మధ్యాహ్నాలు మెడకు తడిగుడ్డ చుట్టుకునేది. నిరుడు పోయింది. గుండె అన్నారు డాక్టర్లు. అననీ. ఇప్పుడదే కుర్చీలో నా కూతురు, ఆరో నెల కడుపుతో. ఆ గదిలోంచి దాన్ని బయటపడెయ్యాలి. అందుకు ఆ గదిని కొలిపించాలి.

కొలిచే అమ్మాయిని ఆకు సారు కింది హాల్లోనూ తన గదిలోనూ తిప్పాడు. పరికరం ఇరవై నాలుగు డిగ్రీలు చూపించింది.

"చూశారా మేడమ్? మా భవనం హాయిగా ఊపిరి తీసుకుంటోంది."

"తీసుకోదా మరి? పోటీకి ఇంకెవరూ లేరుగా," అన్నాను.

"నువ్వు నోర్ముయ్యవయ్యా!"

అమ్మాయి నవ్వాపుకుంది. "పై గదులు చూపిస్తారా బాబాయ్?"

తాళాలు నా దగ్గరే ఉన్నాయి. పడమటి గదిలో ముప్పై ఏడు.

ఆకు సారు ముఖం మాడిపోయింది. "ఇది స్టోర్‌రూమండీ. ఇక్కడ ఎవరూ కూర్చోరు."

"బల్లలున్నాయే?"

"పాత సామాను."

"అయితే అలాగే రాసి సంతకం పెట్టండి. లెక్కలోంచి తీసేస్తాను."

పెట్టాడు. నకలొకటి అడిగితే అమ్మాయి నాకిచ్చింది.

మర్నాడు పొద్దున్నే కూతురి బల్ల మోసుకొచ్చి ఆకు సారు గదిలో, చల్లగాలి తగిలే చోట దించాను.

"ఏంటయ్యా ఇది?"

"స్టోర్‌రూములో మనిషిని ఎలా కూర్చోబెడతారండీ? తమరే రాసిచ్చారు." నకలు చూపించాను.

"నా గదే దొరికిందా?"

"ఇరవై నాలుగు వచ్చింది ఇక్కడేగా."

"నాన్నా, వద్దులే," అంది కూతురు.

"కూర్చో."

కూర్చుంది. బల్ల సొరుగులో వాళ్లమ్మ మెడకు చుట్టుకునే గుడ్డ ఎండి అట్టలా ఉంది. దాన్ని తీసి ఆకు సారు కాగితాల మీద పెట్టి నా పనికి నేను వెళ్లిపోయాను.