అమ్మవారి మలుపులో ఆగని ఇంజిన్

నేను ఒక టర్బోని. రెండు ఇనప నత్తగుల్లల్ని వీపుకి వీపు ఆనించి బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను. మధ్యలో ఒక కడ్డీ, దాని రెండు కొసలకీ రెండు రెక్కల చక్రాలు.

ఇంజిన్ పనికిరాదని వదిలేసే పొగే నా తిండి. ఆ పొగ తోసే తోపుకి ఒక చక్రం తిరుగుతుంది. దాంతోపాటే రెండోదీ తిరుగుతుంది. అది బయటి గాలిని లాగి, నొక్కి, మానిఫోల్డ్‌లోకి కుక్కుతుంది. మానిఫోల్డ్ అంటే అరచేతికి నాలుగు వేళ్ళున్నట్టు ఉండే గొట్టం. ఒక్కో వేలూ ఒక్కో సిలిండర్‌కి గాలి పోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాల్చొచ్చు. ఎక్కువ కాలిస్తే బలం. మీరు దాన్నే పికప్ అంటారు. ఇంజిన్ వదిలేసిన ఊపిరితో మళ్ళీ దానికే ఊపిరి పోయడం, అంతే నా బతుకు.

నాకున్న బలహీనత ఒక్కటే. నా కడ్డీ పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇంజిన్ ఆడుతున్నంతసేపే నాకా నూనె అందుతుంది.

ఫ్యాక్టరీలో నన్ను పోత పోసినవాళ్ళు ఒక రెక్క మీద వెంట్రుకంత బరువు ఎక్కువుందని గీకి మరీ పంపించారు. అంత జాగ్రత్తగా చేసిన నన్ను విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు కారుకి బిగించారు. ఆయన ఇంటి నుంచి క్లబ్బుకి, క్లబ్బు నుంచి ఇంటికి. నేను ఒళ్ళు విరుచుకునేలోపే గేటు వచ్చేసేది. ఒకరోజు వెనక నుంచి లారీ గుద్దింది. ఆయన బతికాడు, కారు బతకలేదు. తుక్కుకి పంపే ముందు వచ్చి, డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి మాత్రం పీకి తీసుకుపోయాడు.

అలా అనకాపల్లిలో ఖాసిం షెడ్డుకి చేరాను. అక్కడే సన్యాసిరావు నన్ను చూశాడు.

అతనిది సర్వీసు జీపు. కొండ కింద నుంచి పాడేరు సంతకి ఘాట్ రోడ్డు మీద జనాన్ని ఎక్కిస్తాడు. పాత ఇంజిన్, టర్బో లేదు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పల్చబడి అది ఇంకా రొప్పేది. అదే దారిలో తిరిగే బంగారయ్య కొత్త జీపు హారన్ కొట్టుకుంటూ దాటిపోతుంటే, జనం ఇతని బండి ఎక్కడం మానేశారు.

"బాబాయ్, ఇలాగైతే ఈ ఏడు బండి అమ్మీడమే," అన్నాడు సన్యాసిరావు. "అది పోతే నాకింకో పని రాదు. దీనికేదైనా బలం పట్టించు."

ఖాసిం నన్ను కడిగి, సరిపడే మానిఫోల్డ్ వెతికి, వారం కష్టపడి బిగించాడు. చివర్న నా మీద చెయ్యి వేసి అన్నాడు, "ఒరే సన్నేసీ, ఘాట్ ఎక్కగానే కీ తిప్పీకు. ఇది ఎర్రగా కాలి ఉంటాది. కాసేపు స్టార్టింగ్‌లో ఉంచి, చల్లారాక ఆపు. లేదంటే లోపల నూనె మాడిపోద్ది."

"అలాగే," అన్నాడు సన్యాసిరావు. మనుషులు అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు భయం.

మర్నాడు సంత. ముందు సీట్లో అతని భార్య నూకాలు, కాళ్ళ దగ్గర పసుపు బస్తా. వెనక జనం, పైన కోళ్ళ గంపలు. మూడో మలుపులో నేను గొంతు విప్పాను. జీపు ఒక్కసారి ముందుకి దూకింది.

"ఓలమ్మో!" అంది నూకాలు. "మావా, ఇది మన బండేనా?"

"బంగారయ్యకి కనబడనీ, అప్పుడు సెప్తాను ఎవుడి బండో!"

కనబడ్డాడు. దాటేశాం. వెనక జనం ఈలలు వేశారు. అంత సుఖం నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

ఘాట్ పైన, ఎక్కుడు అయిపోయే చోట, మలుపులో అమ్మవారి గుడి. గుడంటే నాలుగు రాళ్ళ గట్టు, మీద రేకు. పైకి వచ్చిన ప్రతి బండీ అక్కడ ఆగాలి, కొబ్బరికాయ కొట్టాలి. ఆగడమంటే ఇంజిన్ ఆపడం. అమ్మవారి ముందు బండి మోగితే అపచారమని ఆ దారి డ్రైవర్లందరి నమ్మకం. సన్యాసిరావు గుడి వైపు ముక్కు పెట్టి జీపు నిలిపి, టక్కున కీ తిప్పేశాడు.

నూనె ఆగింది. నేను ఆగలేదు. పొడి కడ్డీ మీద గిర్రున తిరుగుతూ, నాలో మిగిలిన చుక్క మాడి బొగ్గవుతుంటే విన్నాను, బయట కాయ పగిలిన చప్పుడు.

"ఖాసిం బాబాయ్ ఏటన్నాడు?" అంది నూకాలు. "కాసేపు ఆడనీమన్నాడు గదా."

"అమ్మవారి మొకం మీద పొగ ఒదలమంటావేటే? ఆ తల్లేవైనా సుట్ట కాలుస్తాదా?"

"ఆ తల్లికి లేని తొందర నీకేటి మరి?"

జనం నవ్వారు. అతనూ నవ్వాడు. కీ మాత్రం మళ్ళీ తిప్పలేదు.

ప్రతి సంతకీ అదే వరస. బంగారయ్య మళ్ళీ అందుకోబోతున్నాడని తెలిసి, సన్యాసిరావు నా పక్కనున్న సన్నటి రాడ్డు నట్టుని తనే బిగించాడు. గాలి ఒత్తిడి మితిమీరకుండా ఆపే కాపలా అది. కాపలావాణ్ణి కట్టేశాడన్నమాట. జీపు ఇంకా ఎగిరింది, నేను ఇంకా కాలాను. నూనె కారకుండా ఆపే నా సీలు అరిగింది. ఇంజిన్ ఆయిల్ నాలోంచి జారి మానిఫోల్డ్ అడుగున మడుగు కట్టసాగింది. సైలెన్సర్ నీలం పొగ కక్కింది.

ఖాసిం ఆ పొగ చూడగానే మొహం మాడ్చుకున్నాడు. "ఇప్పుడే విప్పీయాల. గాలి ఉంటే సాలు, ఇంజిన్‌కి డీజిలైనా ఒకటే, ఆయిలైనా ఒకటే. తన ఆయిల్ తనే తాగడం మొదలెడితే కీ తీసినా ఆగదు."

"ఆగకపోతే?"

"టాప్ గేరేసి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్ ఒదిలీ. కుదరకపోతే గాలి లాగే నోరు మూసీ. సెక్క పలకతో మూయాల్రా, సేత్తో కాదు."

"ఎదురుగా జాతర ఉంది బాబాయ్. నాలుగు ట్రిప్పులు తిరిగే రోజులు. అయిపోగానే తెస్తాను."

జాతర రోజు జీపు అంచుల దాకా జనం. నూకాలు ముందు ట్రిప్పులోనే వచ్చి గుడి దగ్గర దిగిపోయింది. మలుపు దగ్గర ఎప్పటిలాగే ఆపి, కీ తిప్పాడు.

ఇంజిన్ ఆగలేదు.

ఒక్క క్షణం తగ్గి, గొంతు సవరించుకున్నట్టు గురగురమని, పైకి లేచింది. మడుగులోని నూనె నాలుగు వేళ్ళ గుండా సిలిండర్లలోకి పోతోంది. అది కాలిన పొగ నన్ను తిప్పుతోంది. నేను లాగిన గాలి దాన్ని ఇంకా మండిస్తోంది. ఆపాలని నాకు ఎంతున్నా, తిరగడం తప్ప నాకు వేరే విద్య లేదు. కీ అతని చేతిలో ఉంది, ఇంజిన్ అరుస్తోంది. వెనకున్నవాళ్ళు దూకి పారిపోయారు. నీలం పొగ రోడ్డుని కమ్మేసింది.

సన్యాసిరావు టాప్ గేర్ వేశాడు. క్లచ్ వదలబోయి, ముందు అద్దంలోంచి చూశాడు. జీపు ముక్కుకి ఎదురుగా, గట్టు మీద వంగి, నూకాలు దీపం వెలిగిస్తోంది. చుట్టూ జాతర ఆడవాళ్ళు. జాతర బండ్ల మోతే అనుకున్నారేమో, ఎవరూ తల తిప్పలేదు. బండి ఒక్క గెంతు గెంతితే చాలు.

"నూకాలూ! తప్పుకో!"

ఆ మోతలో అతని గొంతు అతనికే వినపడలేదు.

మళ్ళీ న్యూట్రల్ చేసి దూకాడు. బానెట్ ఎత్తాడు. నా నోటికున్న గాలి గొట్టం పీకి పారేశాడు. పలక కోసం చుట్టూ చూశాడు. లేదు. భుజాన తువ్వాలుంది. ఉండచుట్టి, కుడిచేత్తో నా నోట్లో కుక్కాడు.

నేను లాగాను. తువ్వాలుని లాగాను. దాని వెనక ఉన్నదాన్నీ లాగాను.

రెక్కలు విరిగాయి. కడ్డీ బిగిసింది. గాలి అందక ఇంజిన్ రెండు దగ్గులు దగ్గి చచ్చింది. ఆ నిశ్శబ్దంలో నూకాలు వెనక్కి తిరిగి అతని చెయ్యి చూసింది. దీపం ఆమె కాలు తగిలి ఒరిగిపోయింది.

కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. జీపు తుక్కుకి పోయింది. నన్నూ తుక్కులో వేసి ఉంటే బాగుండేది. కానీ డ్రైవర్లు ఊరుకోలేదు. అంతమందిని అమ్మవారే కాపాడిందని తేల్చారు. బంగారయ్యే స్వయంగా నన్ను తెచ్చి గట్టు మీద పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టాడు.

సన్యాసిరావు, నూకాలు ఇప్పుడు అదే గట్టు పక్కన కొబ్బరికాయలు అమ్ముతారు. బండి వచ్చి ఆగబోతుంటే అతను ఆ మొండి చెయ్యి ఊపుకుంటూ పరిగెడతాడు.

"బాబూ, కీ తిప్పీకండి! కాసేపు స్టార్టింగ్‌లో ఉంచండి!"

"పాపం, ఆ రోజు నుంచి ఇంతే," అంటారు వాళ్ళు. చెప్పులు విప్పుతారు.

నూకాలు కాయ అందిస్తుంది.

నిన్న ఒక కొత్త జీపు వచ్చింది. ఘాట్ మొత్తం ఊపిరి బిగబట్టి ఎక్కినట్టుంది, బానెట్ మీద గాలి వణుకుతోంది. డ్రైవరు దిగి, నా ముందు చేతులు జోడించాడు. ఇంజిన్ అప్పటికే ఆపేశాడు.

బానెట్ కింద నాలాంటిదొకటి నూనె లేకుండా తిరుగుతోంది. దాని సన్నటి ఈల ఈ మలుపులో నాకొక్కదానికే వినిపించింది.