మార్కెల్ ఎడమ చెయ్యి

మార్కెల్ డూప్రీకి ఆ సాయంత్రం బాక్సింగ్ రింగులో దిగినందుకు ముప్పై మిలియన్ డాలర్లు. గెలిచినా అంతే, ఓడినా అంతే. దిగకపోతే మాత్రం సున్నా. పద్నాలుగేళ్లలో వాడు సంపాదించినదంతా కలిపినా ఇందులో పదో వంతు ఉండదు. ముప్పై అయిదేళ్లు నిండాయి, మళ్లీ ఇలాంటి పోటీ వాడికి రాదు.

నేను వాడి చేతులకు కట్లు కడతాను, రింగు మూలలో నిలబడి రక్తం ఆపుతాను. నా వాటా రెండు శాతం. నవ్వకండి. అరవై మూడేళ్లొచ్చి అద్దెగదిలో పడి ఉన్నవాడికి రెండు శాతమంటే ఏమిటో నన్నడగండి.

తొమ్మిది రోజుల కిందట సాధనలో వాడి ఎడమ చెయ్యి విరిగింది. మధ్యవేలి వెనకాల ఎముక. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఎడమ దెబ్బ చూద్దామనే జనం టిక్కెట్లు కొన్నారు. అవతలి మొనగాడు ఎలీసియో భయపడుతున్నదీ దానికే.

"వాడు భయపడినంతసేపూ నాకేం కాదు మామా," అన్నాడు మార్కెల్ ఆ రోజు. "ఊరికే ఎత్తి చూపిస్తూ పన్నెండు రౌండ్లూ నెట్టుకొచ్చేస్తా. కానీ వాళ్లకు తెలిసిపోయిందనుకో, నాకు చెప్పెయ్. దిగను. డబ్బు పోతే పోనీ. రాండల్‌ని చూశావుగా, రింగులో తలకి దెబ్బలు తిని ఇప్పుడు వాళ్లమ్మ చెంచాతో పెడితే తింటున్నాడు. నా కూతురు నాకలా పెట్టకూడదు."

"చెప్తాన్రా," అన్నాను. ఒట్టు కూడా వేశాను.

ఆ సాయంత్రం లాస్ వేగస్ హోటల్లో, రింగుకి వెళ్లే దారిలో ఉన్న గదిలో పదకొండుమందిమి. మేనేజరు, లాయర్లు, వంటమనిషి, వాడి బావమరిది, ఇంకా ఎవరెవరో. వాడితోపాటు మాకందరికీ జీవితంలో అంత డబ్బు ఒక్కసారిగా వచ్చే రోజు అదే. తలుపు బయట కెమెరాలు.

మా దాంట్లో ఒక పద్ధతుంది. చేతులకు కట్టు కట్టేటప్పుడు అవతలి జట్టు మనిషి పక్కనే నిలబడి చూస్తాడు, లోపల గట్టి వస్తువేదీ దాచకుండా. అంతా అయ్యాక టేపు మీద సంతకం పెడతాడు. ఎలీసియో తరఫున హిలారియో వచ్చాడు. అతనూ కట్లు కట్టేవాడే. ముప్పై ఏళ్లుగా నా చేతులు అతనూ, అతని చేతులు నేనూ చూసుకుంటున్నాం.

"ఇంకా బతికే ఉన్నావా?" అన్నాడు.

"నిన్ను సాగనంపి పోదామని ఆగాను."

ముందు కుడి చెయ్యి. పల్చటి కట్టుగుడ్డ చుట్టి, టేపు వేసి, పిడికిలి బిగించమన్నాను. "ఊఁ, గుద్దు," అని నా అరచెయ్యి చాపాను. మూడుసార్లు గుద్దాడు. కట్టు ఎలా కుదిరిందో నాకు అలాగే తెలుస్తుంది. హిలారియో సంతకం పెట్టాడు.

తరవాత ఎడమది. టేపు ఎముక మీదుగా లాగినప్పుడు మార్కెల్ మెడ నరం ఒక్కటి కదిలింది, అంతే. మూలుగు లేదు. మొహంలో చిరాకు కూడా లేదు. కట్టడం అయ్యాక ఆ చేతిని మెల్లిగా తీసి వాడి తొడ మీద పెట్టాను. హిలారియో కలం నొక్కి పెట్టి, తీరిగ్గా సంతకం చేశాడు. మార్కెల్ అతన్ని చూసి నవ్వాడు కూడా.

సాగనంపడానికి తలుపు బయటికి వెళ్లాను. హిలారియో నా చెవి దగ్గరికి వంగాడు.

"కుడిది గుద్దించావు. ఎడమది గుద్దించలేదేం?"

ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా మానని పని. వాడి నొప్పి చూడలేక జాలిపడ్డాను, ఆ జాలే వాణ్ణి పట్టించింది.

"పోటీ ఆపించుకో మరి," అన్నాను.

"ఆపించి నా వాటా నేనే పోగొట్టుకోనా? నాకేం పిచ్చా?" భుజం తట్టి, ఎలీసియో గది వైపు నడిచాడు.

లోపలికి వచ్చాను. మార్కెల్ నన్ను దగ్గరికి రమ్మని తల ఊపాడు.

"పసిగట్టాడా మామా?" అన్నాడు గుసగుసగా.

గదిలో అందరూ మా వైపే చూస్తున్నారు. ఒక్క మాట చెబితే అందరం ఉత్త చేతులతో ఇళ్లకు పోతాం. నేనూ నా అద్దెగదికి పోతాను. నిజం చెబుదామనే నోరు తెరిచాను.

"లేదురా," అన్నాను. ఛీ, నా నోరు పడిపోను.

"అయితే గ్లవ్స్ వెయ్యి," అన్నాడు వాడు, హాయిగా.

మొదటి రౌండు మొదలైన నిమిషానికే అందరికీ కనబడింది. మార్కెల్ ఎడమ దెబ్బకి అడ్డుపెట్టాల్సిన కుడిచేతిని ఎలీసియో కిందికి దించేశాడు. మార్కెల్ ఎడమచెయ్యి ఎత్తితే కనీసం తల కూడా తిప్పడం లేదు, తిన్నగా మీదికి వచ్చేస్తున్నాడు. మార్కెల్ దెబ్బలు తింటూనే ఒకసారి మా మూలకేసి చూశాడు. నేను తల వంచుకుని నా మందుల పెట్టె సర్దుకున్నాను.

రెండో రౌండు అయ్యేసరికి వాడి కుడికన్ను మూసుకుపోయింది. వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. వాపు మీద మంచులో ఉంచిన ఇనపబిళ్ల పెట్టి నొక్కుతుంటే, రెండో కన్నుతో నన్నే చూశాడు.

"నీ వాటా ఎంత మామా?"

"రెండు శాతం."

"ఊఁ," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "అయితే ఆ కన్ను తెరిపించు. వాడు ఎటునుంచి కొడుతున్నాడో కనబడాలి కదా."

తెరిపించాను. గంట మోగింది. వాడు లేచాడు. వాడి కింది స్టూలు నేనే తీసేశాను.