కోదండపాణి ఉలవల వైద్యం

కోసేసిన ఆ ముక్క చివరికి ఎక్కడికి పోయి ఉంటుంది, తొమ్మిదేళ్లయినా ఎవరినీ అడగలేదు, నవ్వుతారని అడగలేదు గానీ వేళచ్చేరిలో రైలెక్కినప్పటినుంచి కోదండపాణి బుర్రలో అదే తిరుగుతోంది, బరువు తగ్గాలని కోయించుకున్న కడుపులో ముప్పాతిక భాగం అంటే చిన్న సంగతా, అంబత్తూరులో ముప్పై ఏళ్లు లేతు మిషను నడిపిన మనిషి, సాయంత్రమయ్యేసరికి ఇనప తురుమంతా ఊడ్చి ఇది ఏ పనిలో రాలిందో చెప్పగల మనిషి, తనలోంచి తీసినదాన్ని మాత్రం ఒక్కసారి చూడలేదు, చూపించమంటే ఆ డాక్టరు చూపించి ఉండేవాడేమో, ఆకలి పుట్టించే రసమేదో ఆ భాగంలోనే ఊరుతుందట, అంటే ఆకలి కూడా దాంతోపాటే పళ్లెంలోకి పోయిందా, ఎదురు సీట్లో ఒకావిడ కాగితం పొట్లం విప్పి మసాలా వడ తింటోంది, మొదటి ముక్క కొరికాక ఆవిడ కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి, ఆ క్షణం తనకు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు, రుచి గుర్తొచ్చింది, ఆత్రమే గుర్తు రాలేదు, ఇది విచిత్రమే కదా, పన్నెండున్నరకి సైరన్ మోగగానే చేతులు సరిగా కడుక్కోకుండానే భార్య కృష్ణవేణి కట్టిచ్చిన నాలుగు గిన్నెల క్యారియర్ మీద పడేవాడు, ఇప్పుడు ఫోన్‌లో అలారం పెట్టుకుంటేగాని తినాలని తోచదు, తిన్నా ఇడ్లీ ఒకటిన్నర, రెండోదాంట్లో సగం ఎప్పుడూ కృష్ణవేణికే.

పొద్దున ఆసుపత్రినుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, సార్ ఆపరేషనై తొమ్మిదేళ్లయింది కదా, మీ తృప్తికి ఐదింట్లో ఎన్ని మార్కులేస్తారు అంది, ఏమేస్తాడు, మోకాళ్లనడిగితే ఐదుకి ఆరేస్తాయి, మెట్లెక్కుతాడు, బూటు లేసులు తనే కట్టుకుంటాడు, బస్సులో పక్కవాడు మొహం చిట్లించుకుని జరిగి కూర్చోడు, గుండెమంటనడిగితే ఒకటి కూడా దండగంటుంది, చొక్కా కింద వేలాడే చర్మం ఏమంటుందో, మానేసిన షుగరు మాత్రల్లో ఏడో ఏడు తిరిగొచ్చిన ఆ ఒక్క మాత్ర ఏమంటుందో, చెప్పకుండా వచ్చి కూర్చున్న పదకొండు కిలోలు ఏమంటాయో, ఒక్కొక్కరినీ విడిగా అడగాలమ్మా అందామనుకుని, స్టేషనొచ్చింది తర్వాత చెయ్యమ్మా అన్నాడు, అప్పటికి ఇంట్లో వాలుకుర్చీలోనే ఉన్నాడు, అబద్ధం ఎంత సులువుగా వస్తుందీ నోటికి, నోరు ఒక్కటీ ఏమీ తగ్గలేదు.

ఆ మాటకొస్తే ఇప్పుడు పోతున్నదీ అబద్ధం పనిమీదే, చెల్లెలు రాజలక్ష్మి నిన్న ఫోన్‌లో కూతురి గురించి ఒకటే ఏడుపు, అన్నా, నువ్వొచ్చి చెప్తేనే వింటుంది, జనని కడుపు కోయించుకుంటానని కూర్చోనుంది, కాగితాలు కూడా తెచ్చేసింది, నువ్వు సుమ్మా, ఊరికే ఉలవల కషాయంతోనే తగ్గలేదా, నువ్వే సాక్షివి, ఆడదాన్ని నా మాట వినదు, నీ మాట చెప్పు, రేపే రా, సరే వస్తానన్నాడు, రానని ఎలా అంటాడు, ఆపరేషన్ సంగతి కృష్ణవేణికి తప్ప ఎవరికీ తెలియదు, కోయంబత్తూరులో కంపెనీ పనుందని చెప్పి పదిహేను రోజులు మాయమయ్యాడు, ఎందుకు దాచాడంటే తోటి పనివాడు సుబ్బన్ వల్ల, అంతకుముందే వర్క్‌షాపులో ఎవరో ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారని తెలిసి సుబ్బన్ అందరి ముందూ, నోరు కట్టుకోలేని వాడే కడుపు కోయించుకుంటాడు అన్నాడు, అందరూ నవ్వారు, కోదండపాణి కూడా నవ్వాడు, ఆ నవ్విన నోటితో నన్నూ కోశారని ఎలా చెప్పడం, నాలుగు నెలలకి ఏదో నిశ్చితార్థంలో వరసకు బావయ్యే మునిరాజు భుజం మీద చెయ్యేసి, ఏంది బావా సగమైనావు, ఏం తింటా ఉండావు అన్నాడు, ఎక్కణ్ణుంచి వచ్చాయో ఉలవలు వచ్చాయి నోట్లోకి, పొద్దున్నే ఉలవల కషాయం, గంట నడక, అంతే అన్నాడు, అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, మరుసటి నెల మన తెలుగువాళ్ల సంఘం మీటింగులో వేదిక ఎక్కించి శాలువా కప్పారు, మైకు చేతికొస్తే ఊరుకుంటాడా, ఉలవలు ఎంత సెగ మీద వేయించాలో, ఎప్పుడు జీలకర్ర వేయాలో పావుగంట చెప్పాడు, ఇంటికొచ్చాక కృష్ణవేణి పడీపడీ నవ్వింది, పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో తెలియని మనిషివి అంది, ఇద్దరూ నవ్వుకున్నారు, ఎవరికి నష్టం అనుకున్నాడు, ఉలవలేగా.

మైలాపూరులో దిగి రాజలక్ష్మి వాళ్ల మూడో అంతస్తు ఆయాసం లేకుండా ఎక్కేశాడు, తలుపు తీసిన జనని పక్కకి తిరిగి దారిచ్చింది, ఇరవయ్యారేళ్ల పిల్ల, బళ్లో లెక్కల టీచరు, తను ఒకప్పుడు అలాగే తిరిగేవాడు, ఎదుటివాళ్లకి చోటు చాలదేమోనని ముందే ఒదిగిపోవడం, కూర్చోగానే రాజలక్ష్మి మొదలెట్టింది, చెప్పన్నా, దానికి ఈడ ఎవరు చెప్పినా ఎక్కదు, జనని మాత్రం నేల చూస్తూ, మామా నువ్వు తిట్టినా నేను పోతాను, నువ్వు నాలుగు నెల్లల్లో తగ్గినావు, నేను ఆరేండ్లుగా తాగతా ఉండాను ఆ కషాయం, ఒక్క దినం మానలేదు, కాలేజీకి కూడా ఫ్లాస్కులో ఎత్తుకొని పోయినాను, పార్కులో నడవని దినం లేదు, నీకైంది నాకు కాలేదంటే నాలోనే ఏందో తక్కువుండాది, చేతకాని వాళ్లకే కదా ఆపరేషను, నాకు చేతకాలేదు, ఒప్పుకున్నాను, ఇంక వదిలేయండి అంది, గొంతులో కోపం లేదు, అదే అతన్ని భయపెట్టింది.

వద్దు తల్లీ అంటే సరిపోతుంది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, గుండెమంట నిజం, ఇష్టమైనవాళ్లతో కూర్చుని తృప్తిగా తినలేకపోవడం నిజం, ఈ పిల్లని వాటినుంచి తప్పించినట్టవుతుంది, శాలువా శాలువాగానే ఉంటుంది, అని ఒక పక్క మనసు చెప్పుకుపోతూనే ఉంది, ఇంకో పక్క ఆరేళ్లు అన్న మాట దగ్గరే ఆగిపోయింది, ఆరేళ్లంటే ఇరవైలోంచి ఇరవయ్యారు, ఆ వయసులో పిల్లలు ఏం చేస్తారు, చీరలు కొనుక్కుంటారు, ఫొటోలు దిగుతారు, గోడమీద అన్ని ఫొటోలున్నాయి, వెతికాడు, గబగబా వెతికాడు, జనని పదో క్లాసుదే ఆఖరు, ఆ తర్వాత ఒక్కటీ లేదు, ఎందుకు లేవని అడగబోయి ఆగాడు, తెలుస్తూనే ఉంది, తొమ్మిదేళ్లుగా తనకేం దక్కింది ఏం పోయిందని ఒక్కో అవయవాన్నీ అడుగుతూ కూర్చున్నాడు, ఈ పిల్లని మాత్రం అడగలేదు, ఆరేళ్లు జనని పోల్చుకున్నది తనతో కాదు, నడిచీ కషాయం తాగీ బరువు తగ్గిన కోదండపాణితో, ఆ మనిషి ఎప్పుడూ లేడు.

జననీ, నేను ఉలవల కషాయం ఒక్క దినం కూడా తాగలేదమ్మా, నన్నూ కోసినారు అన్నాడు, అని చొక్కా పైకెత్తాడు, ఐదు చిన్న మచ్చలు, రాజలక్ష్మి అన్నా అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, జనని ముందుకు వంగి మచ్చలు చూసింది, చాలాసేపు చూసింది, ఆరేండ్లు మామా అంది, అంతే, అంతకన్నా తిట్టు లేదు, అతను చొక్కా కిందికి దించుకున్నాడు, జనని కళ్లు తుడుచుకుని, అయితే నాలో ఏమీ తక్కువ లేదా అంది, లేదమ్మా, నాలో ఉండిన పిరికితనమే నీ నెత్తిన పడింది అన్నాడు, నొప్పిగా ఉంటుందా అంది, ఉంటుంది, మరి తిండి అంది, తగ్గిపోతుంది, ఒక్కోసారి ఏడుపొస్తుంది, మళ్లీ చేయించుకోమంటే చేయించుకుంటావా అని అడిగింది, అడిగి అతని మొహంలోకి సూటిగా చూసింది, చిత్రం, జవాబు కోసం మోకాళ్లనీ గుండెమంటనీ వేటినీ పిలవాల్సిన పని పడలేదు, తొమ్మిదేళ్లుగా లోపల మండుతున్నది కోసిన చోటు కాదని ఇప్పటికి తెలిసింది, చేయించుకుంటాను తల్లీ, అన్నాడు కోదండపాణి, అందరికీ చెప్పి చేయించుకుంటాను.