లేదన్న జవాబు

"మనుషులు చదవడం మానేసినారని ఇప్పుడు మెషీన్లకి రాస్తన్నావేటి?" అని నవ్వి, టిఫిన్ క్యారియర్ అందుకుని గిరిబాబు రైల్వే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. భార్య ఉద్యోగం మీద అతను రోజూ వేసే జోకుల్లో ఇది కాస్త నయం. నీలవేణి మాత్రం నవ్వలేదు. ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద అత్తగారి కషాయం, గట్టు చివర లాప్‌టాప్. మలంచా పేటలోని ఆ ఇంట్లో ఆమె ఆఫీసు ఆ గట్టే.

హైదరాబాదు కంపెనీవాళ్ళు ఒక పనిముట్టు తయారు చేశారు. వెబ్‌సైటు పేరు ఇస్తే, అది నెట్‌లో ఏ నంబరు చిరునామాలో ఉందో వెతికి చెబుతుంది. ఇకమీదట దాన్ని వాడబోయేది మనుషులు కాదు, అప్పగించిన పని తామే చేసుకుపోయే ఏఐ ఏజెంట్లు. ఎలా వాడాలో వాటికి తెలిసేలా రాసిపెట్టడం నీలవేణి పని. మనిషికి సగం చెబితే మిగతాది అల్లుకుంటాడు. ఏజెంటు అలా కాదు, రాసింది రాసినట్టు పట్టుకుంటుంది. ఎక్కడ తికమకగా రాస్తే అక్కడే బోల్తా పడుతుంది. అందుకే నీలవేణికి ఆ పని మీద ప్రేమ. తన మాటను అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు గనక!

పదిగంటలకు పై అధికారి శ్రావణి ఫోన్ చేసింది. "నీలవేణిగారూ, ఏజెంటు ఒకటే తప్పు చేస్తోందండీ. ఆ పేరే లేదని జవాబొచ్చినా, అసలు జవాబే రాకపోయినా, రెండింటికీ లేదనేసి పని ముగించేస్తోంది. ఆ రెండూ వేరని గట్టిగా రాయండి. సాయంత్రానికి కావాలి."

"రాస్తానండీ," అంది. ఫైలు తెరిచింది గానీ, ఆ "లేదు" దగ్గరే మనసు ఆగిపోయింది.

కిందటేడు మామగారి తద్దినం నాడు, తెల్లవారకుండానే తలస్నానం చేసి, మడి కట్టుకుని వంటకు దిగింది. మడిలో ఫోను ముట్టుకోకూడదు. అది హాల్లో ఫ్రిజ్ మీద చప్పుడు లేకుండా పడి ఉంది. మధ్యాహ్నం బ్రాహ్మలు లేచాక చూస్తే, అమ్మ దగ్గర్నుంచి ఒక మిస్డ్ కాల్. తిరిగి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నిద్రపోతుందేమో, సాయంత్రం చేద్దాంలే అనుకుని అంట్ల ముందు కూర్చుంది. ఆ "చేద్దాంలే" ఆమెను ఇప్పటికీ తింటూనే ఉంది. అప్పటికే అదే ఊళ్ళో తాల్‌బగీచాలో, ఒంటరిగా ఉండే అమ్మ, సరోజాదేవి టీచరు, ప్రాణం పోయింది. ఆటోలో వెళ్తే ఎంతో దూరం కూడా కాదు.

అంతవరకే అయితే తన ఖర్మ అనుకునేది. పోయిన వారం అమ్మ ఇల్లు సర్దుతుంటే, పక్కింటి ఎస్తేరమ్మ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"నీకు సెప్పకూడదనుకున్నాను గానీ, దాసుకోలేకపోతన్నానమ్మా. ఆ పొద్దు మీ అమ్మకి గుండెల్లో నొప్పి. ఆస్పత్రికి ఎల్దాం టీచరమ్మా అంటే, కూతురొచ్చాక ఎల్తానంది. నువ్వు ఫోనెత్తలేదని మీ అత్తకి సేసింది. రెండుసార్లు. ఇంట్లో లేదు, బజారుకెళ్ళిందన్నారంట ఆవిడ. సరే వదినగారూ, వచ్చాక ఒక్కసారి సెప్పండి అని పెట్టేసి, గేటుకేసి సూస్తా కూకుంది."

ఇంటికొచ్చి అడిగితే అత్తగారు తడుముకోలేదు. "అవునే, అన్నాను. నొప్పని ఆవిడ నాకేటి సెప్పలేదు. కూతురితో మాటాడాలంది, అంతే. మడి వంట మధ్యలో నువ్వు ఎలిపోతే విస్తళ్ళలో ఎవులు వడ్డిస్తారు?"

గిరిబాబు పేపరు దించలేదు. "అయిపోయినదానికి ఇప్పుడేటి? అమ్మ కావాలని చేసిందా?"

కావాలని చెయ్యలేదు. నీలవేణి గుండె కోసింది అదే. పక్కనే వంటింట్లో గారెలు వేస్తున్న మనిషిని లేదనడానికి ఆవిడ క్షణమైనా ఆలోచించలేదు. పన్నెండేళ్ళుగా తను ఆ ఇంట్లో గారెలకు ఉంది, కషాయానికి ఉంది, విస్తళ్ళకు ఉంది. కన్నతల్లి అడిగితే లేదు. అమ్మ ఎంత పిచ్చిది, ఆ మాట నమ్మేసింది! కూతురు బజారు నుంచి వస్తుందని, నొప్పిని బిగబట్టుకుని ఎదురుచూసింది.

రేపు మళ్ళీ అదే తిథి. మామగారి తద్దినం, అమ్మ పోయి ఏడాది. "కొడుకుల్లేని ఆవిడకి ఎవులు పెడతారు? పెళ్ళైన ఆడపిల్లకి అత్తింటి కార్యమే ముఖ్యం," అని తల్లీకొడుకులు ముందే తేల్చేశారు.

నీలవేణి కళ్ళు తుడుచుకుని రాసింది. "జవాబు రాకపోతే, లేదని తేల్చెయ్యవద్దు. కాసేపాగి మళ్ళీ అడగాలి. అప్పటికీ రాకపోతే, తెలియలేదని చెప్పాలి. ఉన్నదాన్ని లేదంటే, ఆ మాట నమ్మినవాళ్ళు నష్టపోతారు." కళ్ళు మళ్ళీ నిండాయి. పప్పు అడుగంటిన వాసన వచ్చినా లేవలేదు. మొత్తం ఒకసారి చదువుకుని శ్రావణికి పంపేసింది.

హాల్లోంచి అత్తగారు కేకేశారు. "నీలా! పంతులుగారు ఫోన్లో ఉన్నారు. రేపు మడి వంటకి మనిషి ఉందా అని అడుగుతున్నారు. ఉందని సెప్పేస్తన్నాను."

నీలవేణి పొయ్యిలు కట్టేసింది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, తాల్‌బగీచా ఇంటి తాళంచెవి తీసుకుంది.

"లేదని చెప్పండి అత్తయ్యా," అంది గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "కిందటేడు ఇంట్లో ఉండగానే లేదన్నారు. ఈసారి మీరు అబద్ధమాడక్కర్లేదు."